అందరూ తాగారు, మా తమ్ముడికే ఎందుకిలా అయ్యింది?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర ఒక పల్లె. నాయన రొయ్యల గుంతలు చేస్తారు. తమ్ముడికి 20 ఏళ్లు, చెన్నైలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచే ఫ్రెండ్స్‌తో కలిసి గంజాయి తాగుతున్నాడని మాకు ఈమధ్యే తెలిసింది. రెండు నెలల కిందట వాడి రూమ్మేట్ ఫోన్ చేసి, 'అక్కా, మూడు రాత్రుల నుంచి వీడు నిద్రపోవడం లేదు, వచ్చి తీసుకెళ్లండి' అన్నాడు. ఇంటికొచ్చాక తన ఫోన్‌ని టవల్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచేవాడు. పోలీసులు అందులోంచి వింటున్నారట. అమ్మ పెట్టిన అన్నం వాసన చూసి పక్కకు నెట్టేవాడు. ఫ్యాను తనను పేరు పెట్టి తిడుతోందని ఆపేసి, చెమటలు కారుతున్నా అలాగే కూర్చునేవాడు. ముందు ఏఎస్‌పేట దర్గాకు తీసుకెళ్లాం. తర్వాత నెల్లూరులో సైకియాట్రిస్టుకు చూపించాం. మందులు మొదలుపెట్టిన మూడు వారాలకు మళ్లీ మా తమ్ముడిలా అయ్యాడు.

ఇప్పుడు గొడవంతా ఇంట్లో. మా చిన్నాయన 22 ఏళ్ల వయసులో తనలో తాను మాట్లాడుకుంటూ, ఒకరోజు ఇల్లు వదిలి వెళ్లిపోయాడట. ఆయన గంజాయి ముట్టలేదని మా జేజి చెబుతుంది. 'ఇది మీ వంశంలోనే ఉంది' అని అమ్మ. 'మా వంశాన్ని ఎందుకంటావు, గంజాయి తాగి చెడిపోయాడు' అని నాయన. తమ్ముడేమో 'నలుగురం ఒకే పొట్లం తాగాం, వాళ్లకేం కాలేదు. కాబట్టి కారణం గంజాయి కాదు. ఇప్పుడు బాగున్నాను, మాత్రలు ఆపేస్తా' అంటున్నాడు. దీనికి జీన్ టెస్ట్ ఉందని నెట్‌లో చూశాను, చేయించమంటారా? నాకు మేనత్త కొడుకుతో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. నాకూ, నాకు పుట్టబోయే పిల్లలకూ ఇది వస్తుందా?
- ఒక అక్క, కావలి ప్రాంతం

సమాధానం: అమ్మా, ముందుగా మీ తమ్ముడి మాటే తీసుకుంటాను. ఇవాళ అతనికి ఉన్న ప్రమాదమంతా ఆ మాటలోనే ఉంది. 'వాళ్లకేం కాలేదు కాబట్టి గంజాయి కాదు' అనే వాదన నా ఓపీలో తరచూ వింటాను. చదువుకున్న పిల్లలు చెబుతుంటే తల్లిదండ్రులకూ నిజమేననిపిస్తుంది. కానీ ఆ ముగ్గురికీ ఏమీ కాలేదంటే అది ఆ ముగ్గురి మెదళ్లకు సంబంధించిన సంగతి. మీ తమ్ముడి మెదడు దానికి ఎలా స్పందించిందో రెండు నెలల కిందట మీరంతా కళ్లారా చూశారు. అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకేం కావాలి?

మీ నాయన గుంతలు చేస్తారు కాబట్టి ఆయనకు ఇలా చెప్పండి. పక్కపక్కన రెండు గుంతలు, ఒకే హేచరీ సీడు, ఒకే మేత. పగలంతా మబ్బు పట్టి, రాత్రికి ఆక్సిజన్ పడిపోతే, తెల్లవారేసరికి ఒక గుంతలో రొయ్యలు పైకి తేలతాయి, రెండోదాంట్లో తేలవు. తేలిన గుంతలో ఆక్సిజన్ ముందు నుంచే అంచు మీద ఉంది. అలాగని మబ్బుది తప్పు లేదని ఏ రైతూ అనడు. ఆ గుంతకు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఎక్కువ కావాలని అర్థం చేసుకుంటాడు. మీ తమ్ముడిది అలాంటి అంచు మీదున్న మెదడు. ఆ అంచులో కొంత భాగం పుట్టుకతో వచ్చింది.

అందుకే మీ అమ్మ, నాయన ఇద్దరూ చెరో సగం నిజం పట్టుకుని పోట్లాడుకుంటున్నారు. ఆ రెండు సగాల గురించి పరిశోధనలు ఏం తేల్చాయో చెబుతాను. కొంచెం ఓపిగ్గా చదవండి, అవసరమైతే వాళ్లకు చదివి వినిపించండి.

మొదట గంజాయి సగం. స్వీడన్‌లో 1969-70లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45 వేల మందికి పైగా కుర్రాళ్లను గంజాయి అలవాటు గురించి అడిగి, 15 ఏళ్లపాటు గమనించారు. 50 సార్లకు మించి తాగామన్నవాళ్లలో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు ఏళ్ల తరబడి ఉండే మానసిక జబ్బు), ముట్టనివాళ్లతో పోలిస్తే ఆరు రెట్లు కనిపించింది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. 15 ఏళ్లకే గంజాయి మొదలుపెట్టినవాళ్లలో నూటికి 10 మందికి 26 ఏళ్లకల్లా స్కిజోఫ్రీనియా తరహా జబ్బు వచ్చింది. మిగతావాళ్లలో నూటికి ముగ్గురికి వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ పదిమందిలో కొందరికి 11 ఏళ్ల వయసులోనే చిన్న చిన్న లక్షణాలున్నాయి. వాటిని లెక్కలోకి తీసుకుంటే తేడా కొంత తగ్గింది. మీ అమ్మ వాదానికి అక్కడ కాస్త బలముంది. ఇక 2019లో ఐరోపాలోని నగరాల్లో, బ్రెజిల్‌లో కలిపి చేసిన పరిశోధనలో రోజూ తాగేవాళ్లకు సైకోసిస్ (మీ తమ్ముడికి జరిగినట్టు నిజానికీ భ్రమకూ తేడా తెలియని స్థితి) ముప్పు మూడు రెట్లు, ఘాటు ఎక్కువున్న గంజాయిని రోజూ తాగేవాళ్లకు దాదాపు అయిదు రెట్లు తేలింది. ఇప్పుడు మన కుర్రాళ్ల చేతికి గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్ కూడా దొరుకుతోంది. అది మామూలు గంజాయికన్నా చాలా ఘాటు.

ఘాటు అంటే టీహెచ్‌సీ అనే పదార్థం. మత్తునిచ్చేది అదే. అది మెదడులో డోపమైన్ అనే రసాయనం నడకను తప్పిస్తుంది. ఏది ముఖ్యమో, ఏది పట్టించుకోనక్కర్లేదో మెదడు తేల్చుకోవడంలో డోపమైన్ పాత్ర చాలా ఉంది. అది అదుపు తప్పినప్పుడు ఫ్యాను చప్పుడుకు కూడా అర్థం ఉన్నట్టు, అది తన గురించే అన్నట్టు అనిపిస్తుంది. మీ తమ్ముడు ఫ్యాను ఆపేసి చెమటలో కూర్చున్నది మొండితనంతో కాదు. అతనికి ఆ తిట్లు నిజంగానే వినిపించాయి. ఈ సంగతి మీ నాయనకు తెలియాలి, ఎందుకంటే 'చెడిపోయాడు' అనే మాట ఆయన ఇంకా వాడుతున్నారు.

ఇక రెండో సగం, వంశం. స్కిజోఫ్రీనియా జనంలో నూటికి ఒకరికి, లేదా అంతకన్నా తక్కువమందికి వస్తుంది. తోబుట్టువుకు ఉంటే నూటికి సుమారు 9 మందికి. చిన్నాయనకో, మేనమామకో ఉంటే 3 లేదా 4. ఒకే రూపు కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చే అవకాశం నూటికి 40-50 దాకా ఉంటుంది. ఆ చివరి అంకె దగ్గర కాసేపు ఆగండి. జన్యువులన్నీ ఒకటే అయినా సగానికి పైగా కవలల్లో రెండోవారికి రావడం లేదు. అంటే వంశంలో ఉన్నంత మాత్రాన రాసిపెట్టి ఉన్నట్టు కాదు. మిగతాది జీవితంలో జరిగేదాన్ని బట్టి ఉంటుంది, అందులో గంజాయి ఒకటి.

మరి ఈ రెండూ కలిసేచోట ఏముంది? 2005లో డునెడిన్ పరిశోధకులు కామ్ట్ అనే జన్యువును చూపించారు. డోపమైన్‌ను విరిచే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువది. దానిలో ఒక రకం ఉన్నవాళ్లు టీనేజీలో గంజాయి తాగితే ముప్పు బాగా పెరిగిందనీ, ఇంకో రకం ఉన్నవాళ్లకు పెరగలేదనీ చెప్పారు. అప్పట్లో అందరం ఎంతో ఉత్సాహపడ్డాం. తర్వాత వేరే చోట్ల చూస్తే ఆ ఫలితం నిలకడగా రాలేదు. 2012లో లండన్‌లో ఏకేటీ1 అనే మరో జన్యువును పరిశీలించారు. దానిలో ఒక రకం ఉండి రోజూ గంజాయి తాగేవాళ్లలో సైకోసిస్ అవకాశం ఏడు రెట్లు కనిపించింది. మీరు నెట్‌లో చూసిన టెస్టులు సాధారణంగా ఇలాంటి ఒకటి రెండు జన్యువుల పేర్లు చెప్పి డబ్బులు అడుగుతాయి.

వద్దమ్మా, ఆ టెస్టు చేయించకండి. స్కిజోఫ్రీనియాతో సంబంధమున్న చోట్లు మన జన్యువుల్లో 2022 నాటికే 287 తేలాయి. ఒక్కొక్కటీ మోపే భారం బహు స్వల్పం. ఒకటి రెండింటిని చూసి మనిషి భవిష్యత్తు చెప్పలేం. అన్నిటినీ కూడి స్కోరు వేసే పద్ధతి ఉంది కానీ, ఆ లెక్కలు ఎక్కువగా ఐరోపా, తూర్పు ఆసియా జనం మీద కట్టినవి. మనవాళ్లకు అవి సరిగ్గా పనిచేయవు. పైగా, 'తక్కువ రిస్కు' అని రిపోర్టు వచ్చిందనుకోండి, మీ తమ్ముడు దాన్ని ఫోన్‌లో పెట్టుకుని మళ్లీ తాగడానికి సర్టిఫికెట్‌లా వాడుకుంటాడు. నా భయం అది. 2024లో వచ్చిన ఒక పరిశోధన ఈ విషయంలో స్పష్టంగా ఉంది. జన్యు స్కోరు ఎంతైనా, ఘాటైన గంజాయి రోజూ తాగడం దానంతట అదే ముప్పును పెంచింది. కాబట్టి ఆ ముగ్గురు స్నేహితులకూ భద్రత ఉందని నేను అనను. ఇప్పటిదాకా ఏమీ కాలేదు, అంతే.

జన్యు పరీక్షకు పెట్టే డబ్బు మిగుల్చుకుని, ఒక సాయంత్రం మీ జేజి దగ్గర కూర్చోండి. ఒక తెల్లకాగితం తీసుకుని పైన తాత, జేజి, వాళ్ల తోబుట్టువులు, కింద మీ నాయన, చిన్నాయన, మేనత్తలు, వాళ్ల పిల్లలు, అలా రాయండి. అమ్మ వైపు కూడా అంతే వివరంగా రాయండి. ఒక్క నాయన వైపే రాస్తే ఆ కాగితం మీద మళ్లీ గొడవ మొదలవుతుంది. 'పిచ్చి' అని ఎక్కడా రాయొద్దు. ఎన్నో ఏట మొదలైంది, నిద్ర ఎలా ఉండేది, ఒంటరిగా మాట్లాడేవారా, అనుమానాలు ఉండేవా, ఎన్నాళ్లు ఉంది, మందులు వాడారా, మధ్యలో బాగయ్యారా అని అడగండి. ఉరేసుకున్నవారు, ఇల్లు వదిలి వెళ్లినవారు, సారాకు బానిసైనవారు ఉంటే రాయండి. పిల్లలు పుట్టాక నెలల తరబడి మంచం దిగని ఆడవాళ్లు ఉంటే వాళ్లనూ రాయండి. పెద్దవాళ్లు మొదట 'గాలి సోకింది', 'ఎవరో ఏదో పెట్టారు' అంటారు. కాదనకుండా విని, అప్పుడేం చేసేవాడు జేజీ అని అడగండి. మీ డాక్టరుకు ఈ కాగితం ఏ ల్యాబ్ రిపోర్టుకన్నా ఎక్కువ పనికొస్తుంది. డెన్మార్క్‌లో 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, గంజాయి వల్ల సైకోసిస్ వచ్చినవాళ్ల కుటుంబ చరిత్ర, స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్ల కుటుంబ చరిత్ర దాదాపు ఒకేలా ఉన్నాయి. అందుకే మీ చిన్నాయన సంగతి డాక్టరుకు తెలియడం అంత ముఖ్యం.

ఇప్పుడు మాత్రల విషయం. మూడు వారాల్లో కోలుకోవడం చాలా మంచి సూచన. కానీ డెన్మార్క్‌లోనే 2018లో వచ్చిన మరో పరిశోధన ప్రకారం, గంజాయి వల్ల సైకోసిస్ అని ఆసుపత్రికి వచ్చినవాళ్లలో నూటికి 41 మందికి తర్వాతి ఏళ్లలో స్కిజోఫ్రీనియా అని తేలింది. మిగతా 59 మందికి అలా జరగలేదు. మీ తమ్ముడు ఆ 59 మందిలో ఉండాలంటే ఇప్పుడు మన చేతిలో ఉన్నవి రెండే. ఒకటి, గంజాయి పూర్తిగా మానడం. రెండు, డాక్టరు ఆపమనేదాకా మందు ఆపకపోవడం. లక్షణాలు తగ్గాక కూడా సాధారణంగా ఏడాది దాకా, కొందరికి ఇంకా ఎక్కువకాలం వాడమంటాం. నిద్ర ఎక్కువవుతోందని, లావవుతున్నానని అతను విసుక్కుంటుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. మందు మార్చవచ్చు, డోసు సర్దవచ్చు. చాలామంది చెప్పకుండా ఆపేసేది ఈ ఇబ్బందుల వల్లే.

మానడమంటే 'తగ్గించడం' కాదు. పండగకి ఒక్కసారి, శివరాత్రికి కాస్త భంగు, ఎవరో ఇచ్చిన గంజాయి చాక్లెట్, ఇవేవీ అతనికి పనికిరావు. భంగు చట్టప్రకారం నిషేధం కాకపోవచ్చు, మెదడుకు మాత్రం అదే టీహెచ్‌సీ. అతనితో ఈ మాట మీరే చెప్పండి, నాయన చేత చెప్పించకండి. 'నువ్వు చెడ్డవాడివి' అనే వాసన ఆ మాటలో ఉండకూడదు. పల్లీ పడనివాళ్లు పల్లీ తినరు, అందులో అవమానమేముంది? 'నీకిది పడదు, మాకు నువ్వు కావాలి' అనండి చాలు.

చెన్నైకి మళ్లీ పంపేటప్పుడు అదే గదికి, అదే స్నేహితుల మధ్యకు పంపకండి. ఒక సెమిస్టర్ పోయినా ఫర్వాలేదు, చదువు తర్వాతైనా పూర్తవుతుంది. కానీ మీకు ఫోన్ చేసిన ఆ రూమ్మేట్‌ను మాత్రం దూరం చేసుకోవద్దు. అతనూ తాగినవాడే కావచ్చు. అయినా భయపడి ముడుచుకోకుండా 'అక్కా' అని ఫోన్ చేశాడు. మళ్లీ ఏమైనా తేడా వస్తే మీకు ముందు తెలిసేది అతని ద్వారానే. ఒకసారి అతనికి కృతజ్ఞత చెప్పి, వరుసగా రెండు రాత్రులు నిద్రపోకపోయినా, గదిలో ఒక్కడే కూర్చుని తలుపులు వేసుకుంటున్నా, ఫోన్‌ను చూసి భయపడుతున్నా వెంటనే చెప్పమనండి. జబ్బు తిరగబెట్టేముందు చాలాసార్లు పోయేది నిద్రే.

దర్గాకు వెళ్లడం తప్పని నేను అనను. మీ అమ్మకు అక్కడ ధైర్యం దొరికితే వెళ్లండి, మాత్రల డబ్బా సంచీలో పెట్టుకుని వెళ్లండి. ఎక్కడైనా సరే, ఎవరైనా కట్టేయమంటే, గొలుసు వేయమంటే ఒప్పుకోవద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం దాన్ని నిషేధించింది. ఇక పోలీసులంటే భయంతో ఆసుపత్రిలో గంజాయి మాట దాచేవాళ్లు చాలామంది. చికిత్సకు వచ్చి తాగానని చెప్పుకున్నవాడి మాట డాక్టరు బయట పెట్టడు. అలవాటుపడి తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వచ్చేవాడికి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్‌లో రక్షణ కూడా ఉంది. అమ్మేవాళ్ల మీద పెట్టే కేసులకు మాత్రం అది వర్తించదు.

ఇక మీ గురించి. మీ తమ్ముడికి స్కిజోఫ్రీనియా అని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. ఒకవేళ రేపు అలా తేలినా, అలాంటి తోబుట్టువున్న నూరుమందిలో తొంభై మందికి ఆ జబ్బు రాదు. మీ విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, మీరు కూడా గంజాయి, భంగు జోలికి ఎప్పుడూ వెళ్లకండి. నెదర్లాండ్స్‌లో రోగుల తోబుట్టువులను గమనిస్తే, జబ్బు లేనివాళ్లు కూడా గంజాయి తాగినప్పుడు ఇతరులకన్నా ఎక్కువగా వింత అనుభవాలకు లోనయ్యారు.

మేనత్త కొడుకు సంబంధం మీద నా అభిప్రాయం అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను. అతను మీ చిన్నాయనకు మేనల్లుడు, మీరు అన్న కూతురు. ఇద్దరిలోనూ ఆ ఇంటి రక్తమే ఉంది. పిల్లలకు ఆ వాటా రెండు వైపుల నుంచీ వస్తుంది. ముప్పు ఎంత పెరుగుతుందో అంకెలో చెప్పలేను కానీ పెరిగే వైపే ఉంటుంది. మేనరికంలో ఇతర జన్యు సమస్యల భయం ఎలాగూ ఉంది. మీ స్థానంలో నా కూతురు ఉంటే వద్దనే చెబుతాను. మీ మేనత్త నొచ్చుకోవచ్చు. 'డాక్టరు మేనరికం వద్దన్నారు' అని ఆ భారం నా మీద వేయండి. బయటి సంబంధం వచ్చినప్పుడు తమ్ముడి సంగతి ఊరంతా చాటనక్కర్లేదు. మాటలు ఖాయమయ్యే దశకు వచ్చాక, నిశ్చితార్థానికి ముందే, అబ్బాయికి మీరే నేరుగా చెప్పండి. పెళ్లయ్యాక ఎవరో చెబితే తెలియడం అందరికీ కష్టం.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. మీ డాక్టరు ఊళ్లో లేకపోతే అక్కడికి వెళ్లండి. రాత్రి పూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 టెలీమానస్‌ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైనుకు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు, డబ్బులు తీసుకోరు. గంజాయి మాన్పించడానికి సలహా కావాలంటే 14446. తనను తాను గాయపరచుకుంటానన్నా, ఎవరినైనా కొట్టబోయినా ఫోన్లతో కాలయాపన చేయకుండా నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

వచ్చే చెకప్‌కి జేజి చెప్పగా రాసిన కాగితం పట్టుకుని, అమ్మనూ నాయననూ ఇద్దరినీ తీసుకెళ్లండి. 'ఇది మా వంశం వల్లా, గంజాయి వల్లా?' అని డాక్టరును వాళ్లనే అడగనివ్వండి. మీరు మధ్యలో నిలబడి ఇద్దరికీ జవాబు చెప్పనక్కర్లేదు. రెండు నెలలుగా ఆ పని మీరొక్కరే చేస్తున్నారు.